ఇర్మెలి పావడాను తిన్న పురుగు

నడివేసవి యుహాన్నుస్ పండగ దగ్గరపడిందని మా అత్తగారు పెట్టె తెరిచి తన నీలం ఉన్ని పావడాను బయటికి తీసింది. తీసి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. పావడాలోంచి సరస్సు కనిపించింది. మా ఊళ్ళో సరస్సు ఎక్కణ్ణుంచైనా కనిపిస్తుంది గానీ, పావడాలోంచి కనిపించడం అదే మొదటిసారి.

"చిమ్మెట," అంది.

అని, పావడా వైపు కాకుండా గోడ వైపు చూసింది. గోడకి మా అమ్మమ్మ నేసిన రగ్గు వేలాడుతోంది. ఎరుపు, ఆవపువ్వు పసుపు, నాచు పచ్చ. ఈ నెల మొదట్లో నేనూ ఏలిసూ దాని మీద నిలబడే పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళవగానే దాన్ని దులిపి గోడకి తగిలించారు. పట్నంలో మా కొత్తింటికి వేసిన రంగులింకా ఆరలేదు కాబట్టి ఈ వేసవికి నేనూ, నా మొగుడూ, రగ్గూ ముగ్గురం సరస్సు ఒడ్డున అత్తారింట్లోనే ఉంటున్నాం. ("నా మొగుడు" అని రాయడం నాకింకా కొత్త. కాఫీ కప్పు పట్టుకున్నప్పుడల్లా ఉంగరం కప్పుకి తగిలి టింగుమంటుంది. అందుకని రోజూ అవసరానికి మించి కాఫీ తాగుతున్నాను.)

అత్తగారు అని రాస్తున్నాను గానీ, ఆవిణ్ణి నేను ఇర్మెలి అనే పిలుస్తాను, నువ్వనే అంటాను. అందులో అమర్యాదేమీ లేదు. పొరపాటున "మీరు" అన్నానంటే, ఏదో మనసులో పెట్టుకుని మాట్లాడుతోందని ఆవిడ రెండు రోజులు ఆలోచిస్తుంది.

"ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా చిమ్మెట లేదు," అంది ఇర్మెలి. "ఈ నెల్లోనే వచ్చింది."

"ఈ నెల్లో చాలా వచ్చాయి ఇర్మెలీ. దోమలు వచ్చాయి. పక్కింటి కెర్తు వాళ్ళ పిల్లి వచ్చింది."

"నువ్వొచ్చావు," అంది ప్రశాంతంగా. "రగ్గుతో."

చిమ్మెట పట్టినదాన్ని ఇంట్లో ఉంచకూడదని ఆవిడ నియమం. ఆవిడ తల్లి నియమం కూడా అదేనట. పండగనాటి సాయంత్రం ఒడ్డున ఊరందరూ కలిసి వేసే పెద్ద మంటలో పాత పడవ చెక్కలతో పాటు అలాంటివన్నీ వేసేయాలి. ఒక ఏడు తన సొంత చెల్లెలి కోటునే వేసేసిందని ఏలిస్ నాకు మెల్లగా చెప్పాడు. చెల్లెలు దాన్ని అప్పుడే విప్పి కుర్చీకి తగిలించిందట.

"రగ్గు మంటలోకి వెళ్తుంది," అంది ఇర్మెలి. "పాపం, మంచి నేతే."

మంచి నేతే, పాపం! ఏ పీటల మీదో కూర్చుని చేసుకునే పెళ్ళయితే ఆ పీటలు పోయినా బాధపడేదాన్ని కాదు. కానీ ఆ రగ్గులో మా అమ్మమ్మ ఒక్కో ముడీ వేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. రగ్గు కూడా లేకపోతే, మా ఇంటి తరఫున నా పెళ్ళికి వచ్చినట్టు మిగిలేది నేనొక్కదాన్నే.

ఏలిస్ వైపు చూశాను. ఏలిస్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. అన్నీ కనిపెట్టేవాడే, కానీ మాట బయటికి రావడానికి ముందు దరఖాస్తు పెట్టుకుని, ఆమోదం కోసం వేచి ఉంటుంది.

"ఏలిస్, ఏదైనా చెప్పు," అన్నాను.

"హ్మ్," అన్నాడు. మా జిల్లాలో దాన్ని సుదీర్ఘమైన ప్రసంగంగానే లెక్కేస్తారు.

సరే, నా తరఫు లాయరు అంతమాత్రం కాబట్టి నేనే రంగంలోకి దిగాను. మామగారు తైస్తో చేపల గాలాలకి ఈకలు కట్టుకునేటప్పుడు వాడే భూతద్దం తీసుకుని, పావడాను బల్ల మీద పరిచాను.

"చదువుకున్న పిల్ల," అంది ఇర్మెలి, తైస్తోకి వినపడేలా. "విశ్వవిద్యాలయంలో ఏం చదివావమ్మాయ్?"

"చేపలు."

"ఆహా. పావడాలో చేపలుంటే చెప్పు, వేయించుతాను."

పావడా కుచ్చుల మడతల్లో చేపలేం లేవు. కానీ పొట్టులాంటివి దొరికాయి. బియ్యపుగింజలో సగం ఉంటాయేమో, గోధుమరంగువి, ఒంటి నిండా నూగు, తోక దగ్గర చిన్న కుచ్చు. లోపల ఎవరూ లేరు. విప్పేసిన చొక్కాల్లా ఉన్నాయి. పెళ్ళయిన ఈ కొద్ది రోజుల్లో, విప్పిన బట్టలు విప్పినచోటే వదిలేసి వెళ్ళిపోయే జాతి ఒకటి ఉందని నాకు బాగా తెలిసొచ్చింది కాబట్టి వెంటనే పోల్చుకున్నాను.

"ఇది చిమ్మెట కాదు ఇర్మెలీ. పెంకుపురుగు. దాని పిల్ల విడిచిన తోలు ఇది."

"పురుగు పురుగే."

"కాదు, చాలా తేడా ఉంది," అని, ఆ తేడా ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరూ అడగలేదు గానీ, ఇక్కడ చెప్తాను.

చిమ్మెట ఉంది చూశారూ, అది పెద్దదయ్యాక దానికి పనికొచ్చే నోరంటూ ఉండదు. తినదు, తాగదు. వెలుగంటే గిట్టదు. ఎవరైనా గదిలోకి వస్తే గోడ పక్కనుంచి మూలలోకి జారుకుంటుంది. పుట్టుక నుంచి చావు దాకా ఎవరితోనూ మాట్లాడకుండా పని పూర్తిచేసుకుపోతుంది. సంబంధాలు చూసేవాళ్ళు మా జిల్లా పెళ్ళికొడుకుల గురించి ఇవే చెప్తారు, గర్వంగా. ఇక ఉన్ని తినే పని దాని పిల్లలది. మా దగ్గరి రకమైతే, తినే ఉన్నితోనే చిన్న గొట్టం అల్లుకుని అందులో దూరి, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. తల బయట, ఒళ్ళు లోపల. వర్షంలో గుడారం వేసుకుని "ఎంత బావుందో" అని మురిసిపోయే మా జనమే.

పెంకుపురుగు అలా కాదు. పెద్దదయ్యాక దానికి ఎండ కావాలి. జూన్ వచ్చిందంటే చాలు, కిటికీ అద్దాల దగ్గరికి పరుగు, అట్నుంచి పూల మీదికి షికారు, పుప్పొడి విందు. పిల్లల్ని మాత్రం ఎవరి బొచ్చులోనో, ఎవరి ఈకల్లోనో వదిలేసి పోతుంది. సెలవులకని హెల్సింకి నుంచి వచ్చి, పిల్లల్ని అమ్మమ్మ ఇంట్లో దించి పడవెక్కి పోయేవాళ్ళని చూస్తే దాన్ని చూసినట్టే. ఆ పిల్లలు ఒక చోట తిని, ఇంకో చోట చొక్కా మార్చుకుని, మూడో చోట పడుకుంటాయి.

"కిటికీ గట్టు మీద చూడు," అన్నాను. గట్టు మీద నల్లగా, గుండ్రంగా, ఆవగింజల్లాంటివి చచ్చి పడున్నాయి. కాళ్ళు ముడుచుకుని, వెలుగు వైపు తిరిగి.

"అవి పూల మీద వాలేవి," అంది ఇర్మెలి. "పుప్పొడి తినేది పావడా తింటుందా? దానికి రుచీ పచీ లేదా?"

"తినేది పిల్లలు."

"ఎవరి పిల్లలైనా పెద్దవాళ్ళు పెట్టిందే తింటాయి."

ఈ వాదానికి విశ్వవిద్యాలయంలో జవాబు నేర్పలేదు.

"సరే, పెంకుపురుగే అనుకుందాం," అంది ఆవిడే మళ్ళీ. "నా ఇంట్లోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నా కళ్ళు వాటంతటవే పావడా పెట్టె మీదికి పోయాయి. పెట్టె మీద, రెక్కలు విప్పి, మెడ ఎత్తి, గాజుకళ్ళతో ఇంటిల్లిపాదినీ అసహ్యించుకుంటూ నిలబడి ఉంది తైస్తో గారి నల్ల అడవికోడి. కుర్రతనంలో కొట్టి, పొట్టలో పీచూ ఉన్నీ కూరి కుట్టించి తెచ్చుకున్నాడట. ఇర్మెలి కంటే ముందు నుంచీ ఆయనతో కాపురం చేస్తోంది. శనివారం శనివారం మెత్తటి కుంచెతో దాని వీపు దులుపుతాడు. ఇర్మెలి వీపు దులిపినట్టు ఎవరూ చెప్పలేదు.

"సైమీ," అన్నాడు తైస్తో. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన నా పేరు పలకడం అదే మొదలు. "పక్షి శుభ్రమైంది."

"నేనేం అనలేదు తైస్తో."

"చూశావు."

"కొంచెం ఈకలు రాలుతున్నట్టున్నాయి..."

"వయసు," అన్నాడు, తన బట్టతల తడుముకుంటూ.

అలా ఇల్లు రెండు పక్షాలైంది. చిమ్మెట అయితే పుట్టింటిది, నాది, రగ్గులో వచ్చింది. పెంకుపురుగు అయితే మెట్టినింటిది, వాళ్ళది, పక్షిలోంచి వచ్చింది. కాఫీల దగ్గర ఎవరూ ఏమీ అనుకోలేదు. అంటే, మామూలుగానే. కానీ ఇర్మెలి దాల్చినచెక్క రొట్టెల పళ్ళెం నా ముందు పెట్టేటప్పుడు, చిన్నది నా వైపు ఉండేలా తిప్పి పెట్టింది.

అప్పుడు ఏలిస్ దరఖాస్తుకి ఆమోదం దొరికింది.

"రెండిట్నీ సౌనాలో పెడదాం," అన్నాడు. "వేడికి ఏ పురుగైనా చస్తుంది. చచ్చాక దులిపి చూస్తే ఎవరి దాంట్లో ఏముందో తెలుస్తుంది. మంట సంగతి ఆ తర్వాత."

పెళ్ళిలో ప్రమాణం చేసేటప్పుడు కూడా అన్ని మాటలు అనలేదు. నాకు గర్వంతో చెవులు వేడెక్కాయి. ఇర్మెలి కూడా కాదనలేకపోయింది. మా వాళ్ళు పుట్టినవాళ్ళని, రోగమొచ్చినవాళ్ళని, కోపమొచ్చినవాళ్ళని అందర్నీ ఆవిరి స్నానం చేసే ఆ ఒక్క గదిలోకే తీసుకెళ్తారు. రగ్గుకీ పక్షికీ వేరే గది ఎందుకు?

పండగ ముందురోజు మధ్యాహ్నం, ఒడ్డునున్న చెక్క సౌనాలో, పైన రాళ్ళు పేర్చిన పొయ్యి రాజేశాం. పై బల్ల మీద ఒక కొసన రగ్గు పరిచాం, ఇంకో కొసన అడవికోడిని నిలబెట్టాం. ఇద్దరు ముద్దాయిలూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు, మా ఊళ్ళో సౌనాలో చుట్టాలు కూర్చున్నట్టే.

"పొడి వేడే," అని ముగ్గురికీ చెప్పాను. "రాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు. చుక్క కూడా. తడి ఆవిరి పట్టిందంటే రగ్గూ పాడు, పక్షీ పాడు."

"నీళ్ళు లేకపోతే అది సౌనా ఎలా అవుతుంది?" అంది ఇర్మెలి. "కుంపటి అవుతుంది."

"ఇవాళ్టికి కుంపటే."

తైస్తో తలూపాడు. ఊపి, కాసేపాగి, పక్షి ఎలా ఉందో చూసొస్తానని లోపలికి వెళ్ళాడు. మేం ముగ్గురం వరండా మెట్ల మీద కూర్చున్నాం. సరస్సు మెరుస్తోంది. ఏలిస్ మోకాలు నా మోకాలికి ఆనింది. ఇలాంటి విచారణలు వారానికొకటి జరిగినా బావుణ్ణు అనిపించింది.

లోపల్నుంచి "స్‌స్‌స్‌స్" అని వినపడింది.

ఆ చప్పుడు ఏమిటో మాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కడుపులో ఉండగానే విన్న చప్పుడది.

"తైస్తో!" అని అరిచింది ఇర్మెలి.

"ఏంటి?"

"నీళ్ళు పోశావా?"

లోపల గరిట బకెట్టుకి తగిలిన చప్పుడైంది.

"కొంచెమే," అంది లోపలి గొంతు. మళ్ళీ "స్‌స్‌స్‌స్."

"మళ్ళీ పోశావు!"

"గరిట చేతిలో ఉంది," అన్నాడు తైస్తో. చెప్పాల్సినంత చెప్పాననే ధీమాతో.

నేను ఆయన్ని తప్పు పట్టలేను. ఎదురుగా ఎర్రగా కాలిన రాళ్ళు, పక్కన బకెట్టు, బకెట్టులో గరిట. డెబ్భై ఏళ్ళుగా ఆ మూడూ కలిసినచోట ఆయన చెయ్యి చేసే పని ఒక్కటే. మెదడుకి చెప్పి చేయదు.

మేం తలుపు తీసేసరికి గదంతా ఆవిరి. ఆవిరి మధ్యలో తైస్తో, చొక్కా లాగూతో సహా కూర్చుని, చేతిలో గరిటతో తన పక్షిని చూస్తున్నాడు. పక్షి మెల్లగా ముందుకి వంగుతోంది. పాత జిగురు మెత్తబడింది కాబోలు, ముందు ఒక గాజుకన్ను ఊడి బల్ల మీద టకటకమని దొర్లింది. తర్వాత రొమ్ము మీది కుట్టు వీడింది. పాత పీచు, ఉన్ని, ఇన్నేళ్ళ దుమ్ము కలిసి ఒక్కసారిగా బల్ల మీద కుప్పకూలాయి.

కుప్ప కదిలింది.

నూగు ఒళ్ళు, కుచ్చు తోకలు. డజన్లకొద్దీ. వేడికి తాళలేక నలువైపులా పాకుతున్నాయి. వాటి చుట్టూ విప్పేసిన చొక్కాలు, తరతరాలవి. ఆ పక్షి ఒక పక్షి కాదు, బహుళ అంతస్తుల భవనం.

నేను గెలిచాను కాబట్టి చాలా దిగులుగా మొహం పెట్టాను. అది నాకు చేతకాదని తర్వాత ఏలిస్ చెప్పాడు.

ఇర్మెలి పక్షిని చూసింది, మొగుణ్ణి చూసింది. తర్వాత గబగబా రగ్గు దగ్గరికెళ్ళి, దాన్ని బయటికి లాక్కొచ్చి, ఎండలో గడ్డి మీద తిరగేసి వెతకడం మొదలుపెట్టింది. అంత శ్రద్ధగా ఆవిడ మా పెళ్ళి ఫొటోలు కూడా చూడలేదు. మూల దగ్గర ఆగింది. రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని పైకి లేచింది.

"మరి ఇదేంటి?"

చిన్న గొట్టం. రెండు చివరలా తెరుచుకున్న, వడ్లగింజంత గొట్టం. అది చిమ్మెట పిల్ల ఇల్లే. రగ్గు మూలలో, ముడుల వెనక, చిటికెనవేలి గోరంత మేర ఉన్ని లేదు.

"చిమ్మెట," అంది ఇర్మెలి. ఈసారి ఆ మాటలో నిజంగా సంతోషం ఉంది. "చేపల చదువూ, ఇది చిమ్మెటా కాదా?"

"చిమ్మెటే," అన్నాను. మా అమ్మమ్మ రగ్గు గడ్డి మీద పడి ఉంది. ఒడ్డున కాస్త దూరంలో కెర్తు వాళ్ళు మంట కోసం కట్టెలు పేరుస్తున్న చప్పుడు నీళ్ళ మీదుగా వినిపిస్తోంది.

"మరింకేం."

"ఒక్క నిమిషం," అన్నాను. "అది ఏం తింటే దాంతోనే గొట్టం అల్లుకుంటుంది ఇర్మెలీ. దాని చొక్కా చూస్తే భోజనం తెలుస్తుంది. చూడు."

భూతద్దం అందించాను. ఆవిడ తీసుకోలేదు. ఏలిస్ నా చేతిలోంచి తీసుకుని తల్లి చేతిలో పెట్టి, పెట్టిన చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "చూడమ్మా," అన్నాడు.

ఇర్మెలి చూసింది. గొట్టాన్ని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఎండకి పట్టి చూసింది. అద్దం దూరం జరిపి, దగ్గరికి జరిపి చూసింది. ఎరుపు ఉంది. పక్కన సన్నటి పట్టీలా పసుపు ఉంది. చివర్న కాస్త పచ్చ.

చాలాసేపటికి అద్దం దించింది.

"నీలం లేదు," అంది.

"లేదు."

"పోగు కూడా లేదు."

"లేదు ఇర్మెలీ. నా చిమ్మెట తన ఇంట్లో తనే తింది."

ఆవిడ గొట్టాన్ని గడ్డిలో పారేసి చెప్పుతో నలిపింది. రగ్గుని ఒక కొస పట్టుకుని నా వైపు చూసింది. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దండెం మీద వేశాం. రగ్గులు కొట్టే బెత్తపు బద్ద తెచ్చి ఆవిడ కొట్టడం మొదలుపెట్టింది. నా వంతు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆవిడకి ఆ సాయంత్రం ఎవరినో ఒకరిని కొట్టాల్సిన అవసరం ఉంది, రగ్గు దానికి ఒప్పుకుంది.

"ముడి గట్టిది," అంది మధ్యలో, ఊపిరి తీసుకోవడానికి ఆగి. "ఎవరు నేశారో గానీ."

ఎవరు నేశారో ఆవిడకి పెళ్ళిలోనే చెప్పాను. మళ్ళీ చెప్పాను.

అప్పుడు సౌనా గుమ్మంలో తైస్తో కనిపించాడు. పక్షిని రెండు చేతులతో రొమ్ముకి ఆనించి పట్టుకుని ఉన్నాడు, ఖాళీ సంచీలా. పురుగు పట్టినది ఇంట్లో ఉండకూడదు. నియమం ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఆయన ఒడ్డున పేరుస్తున్న కట్టెల వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇర్మెలి బద్ద పట్టుకుని నిలబడిపోయింది.

"చలికి కూడా చస్తాయి," అన్నాను. "ఫ్రీజర్లో కొన్ని వారాలు ఉంచితే."

"నా ఫ్రీజర్లోనా?"

"సంచీలో చుట్టి. చేపల పక్కన."

"నా బెర్రీల మీదా?"

"బెర్రీల కింద," అన్నాడు తైస్తో ఆశగా.

ఇర్మెలి రగ్గు వైపు తిరిగి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. మా ఇంట్లో దాన్ని సరే అంటారు. తైస్తో గాజుకన్ను వెతకడానికి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం ఊరంతా ఒడ్డున చేరింది. ఎండ ఇంకా బాగానే ఉంది. పండగ నాడు ఇర్మెలి నీలం పావడాతో రావడం, జెండా కింద నిలబడటం ఊరికి అలవాటు. ఈసారి పాంటుతో వచ్చింది. జనం చూశారు. మా ఊళ్ళో అడగరు, చూస్తారు. అడిగేది కెర్తు ఒక్కతే. పక్కింటావిడ, ఆవిడ పిల్లి లాగే ఆవిడ కూడా పిలవకుండా వస్తుంది.

"పావడా ఏది ఇర్మెలీ?"

"పురుగు తింది."

కెర్తు కళ్ళు మెల్లగా నా మీదికి వచ్చాయి. నా మీంచి నా ఉంగరం మీదికి, అక్కణ్ణుంచి మా ఇంటి కిటికీ మీదికి పోయాయి. కిటికీలోంచి, మళ్ళీ గోడకెక్కిన రగ్గు ఎరుపు కనిపిస్తోంది. "ఆహా," అంది జాలిగా. "కొత్త సామాను వస్తే అంతే. చిమ్మెటా?"

మంట చిటపటలాడింది. నేను ఏలిస్ చెయ్యి పట్టుకున్నాను. ఇర్మెలి సాసేజిని కర్రకి గుచ్చి, మంట మీద తిప్పి, ఒక పక్క కాలిందో లేదో చూసుకుని, రెండో పక్కకి తిప్పింది.

"పెంకుపురుగు," అంది. "మాదే."

"పెంకుపురుగా? మీ ఇంట్లోనా?" కెర్తు గొంతు ఆవలి ఒడ్డుదాకా వెళ్ళింది.

"మీ ఇంట్లో లేవా?" అంది ఇర్మెలి. "వెతకలేదేమో. మా కోడలికి భూతద్దం ఉంది, పంపిస్తాను."